తాంబూలాల వేళ ఇటలీ పాటలు

పోయిన వారం మా తమ్ముడు సూర్యప్రకాశ్‌ను నడింటి గుమ్మంలో, చంకన క్యాసెట్ల డబ్బాతో నిలబెట్టి వదిలేశాను. వాడింకా అక్కడే ఉన్నాడు. కూతురి నిశ్చితార్థం రోజున వియ్యాలవారికి ఎదురెళ్ళాల్సిన మనిషి క్యాసెట్ల మీద దుమ్ము తుడుచుకుంటూ నిలబడితే ఏమనాలో నాకప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. రాయచూరు బజారులో నట్లు, బోల్టులు, బేరింగులు అమ్మే దుకాణం మాది. తమ్ముడికి ఒక్కతే కూతురు, స్ఫూర్తి. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్తగా నేనే పెంచాను. నా పేరు సౌభాగ్యలక్ష్మి. బ్యాంకులో పనిచేసే మా స్ఫూర్తి, శక్తినగరం కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా ఉన్న నవనీత్‌ను ఇష్టపడింది. అబ్బాయీ ఇష్టపడ్డాడు. కులం ఒకటే, గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయి. ఇక అడ్డేముంది అంటారా? ఉంది. దాని పేరు ఇటలీ.

నవనీత్ తండ్రి కోటేశ్వరరావు జాలహళ్ళి దగ్గరి క్యాంపులో ఎరువుల దుకాణం నడుపుతాడు. కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు, వాళ్ళదీ అలాంటి కుటుంబమే. ఆయనా మా తమ్ముడూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు, ఆ తర్వాత పదేళ్ళ పైచిలుకు మొహమొహాలు చూసుకోలేదు. పిల్లల పుణ్యమా అని పెళ్ళిచూపులకు కలిశారు. కలిసిన ఘడియలోనే ఇటలీ పాటల దగ్గర మాటా మాటా పెరిగి, వాళ్ళు కాఫీలు తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. పిల్లలిద్దరూ కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ ఈ ముహూర్తం పెట్టించాం. ఈసారి కూడా చెడితే సింధనూరు సంబంధానికి మాటిచ్చేస్తానని కోటేశ్వరరావు కొడుకుతో తేల్చి చెప్పాడట. ఆ సంగతి పొద్దున్నే స్ఫూర్తి నా చెవిన వేసింది.

"అత్తా, ఇయ్యాల నాయినను నువ్వే కాయాలె" అంది.

కాయడానికి వాడేమన్నా మేకపిల్లా?

ఇంతకీ నట్లమ్ముకునేవాడికీ ఎరువులమ్ముకునేవాడికీ ఇటలీతో ఏం పని అని మీరడగొచ్చు. నేనూ ఎన్నోసార్లు అడిగాను. ప్లాంటులో కొత్త యంత్రాలు బిగించే రోజుల్లో ఆ దేశం నుంచి ఎంజో అనే ఇంజనీరు వచ్చి ఏడాది ఉన్నాడు. మాకు ఎంజన్న. బోల్టుల కోసం దుకాణానికి వచ్చి, నా చేతి జొన్నరొట్టె రుచి మరిగి, ఆదివారమైతే చాలు మా మేడ మీద మకాం వేసేవాడు. అప్పట్లో ప్లాంటుకు లారీలు తిప్పే కోటేశ్వరరావు కూడా వచ్చేవాడు. ముగ్గురూ టేపురికార్డరు చుట్టూ కూర్చుంటే కిందనుంచి భోజనానికి పిలిచి పిలిచి నా గొంతు పోయేది. ఎంజన్న దేశం వెళ్ళిపోతూ తన క్యాసెట్లు ఇద్దరికీ పంచాడు. మా తమ్ముడికి పాప్, కోటేశ్వరరావుకు రాక్. ఆనాటి నుంచి నాది గొప్పంటే నాది గొప్పని ఇద్దరూ పట్టుబట్టారు. ఆ నెలలోనే ప్లాంటులో కోటేశ్వరరావు లారీల పని ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో తెలియలేదు. ఆయన లారీలమ్మేసి క్యాంపుకు వెళ్ళిపోయాడు. స్నేహం మాత్రం పాటల దగ్గరే చెడిందని మేమంతా అనుకున్నాం.

ఒక్క క్యాసెట్టును ఎంజన్న పంచలేదు. దాని మీద ఇద్దరి పేర్లూ రాసి మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. మొదటి వైపు ఒక ఆడమనిషి పాటలు. రెండో వైపు ఏమైనా ఉందా అని తమ్ముడడిగితే ఎంజన్న తల అటూ ఇటూ ఆడించాడు. ఖాళీ అన్నమాట. అందుకని మావాడు ఎప్పుడూ మొదటి వైపే విని, పెన్ను దూర్చి రీలు వెనక్కి తిప్పి, పట్టుగుడ్డలో చుట్టి దాచేవాడు. మా అమ్మ నగలను కూడా ఎవరూ అంత భద్రంగా దాయలేదు.

వైశాఖంలో రాయచూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చాపలు పరిచి, రెండు వెండి పళ్ళాల్లో తాంబూలాలు సర్ది, మధ్యలో ఆచార్లను కూర్చోబెట్టాం. వసారాలో భజంత్రీ లింగప్ప సన్నాయి పుల్ల తడుపుకుంటున్నాడు. ఆచార్లు ముహూర్తం చెప్పగానే ఇద్దరు తండ్రులూ పళ్ళాలు మార్చుకోవాలి, లింగప్ప గట్టిమేళం వాయించాలి, మేం స్వీట్లు పంచాలి. పావుగంట పని.

కోటేశ్వరరావు ఇస్త్రీ పంచెలో, భార్య రత్నమాణిక్యంతో, నవ్వు మొహంతో వచ్చాడు. కాఫీ తాగినంతసేపూ ఆ నవ్వు అలాగే ఉంది. వెనకే వచ్చిన నవనీత్ చంకలో ఒక కొత్త టేపురికార్డరు కనిపించింది.

"మావయ్యగారి పాతది బెల్టు తెగిందని స్ఫూర్తి చెప్పిందండి. ఇది మా క్వార్టర్లోది. ఒక పక్క అయిపోతే తనే తిప్పుకుని రెండో పక్క పాడేస్తుంది" అన్నాడు నాతో, నేనేదో మెచ్చుకుంటానన్నట్టు.

మామను మంచి చేసుకుందామనుకున్నాడు, పిల్లాడి తప్పేముంది. కానీ మండే పొయ్యి పక్కన కిరసనాయిలు డబ్బా దించినట్టయింది నాకు. నేను దాన్ని చాటుగా వంటింట్లో పెట్టించేలోపే మా తమ్ముడు ప్లగ్గు పెట్టడం, పట్టుగుడ్డ విప్పడం, మీట నొక్కడం కూడా అయిపోయాయి.

"ఇనుండ్రి బావగారూ" అన్నాడు మొహం వెలిగిపోతూ. "ఎట్ల మొదలుపెడ్తదో చూడుండ్రి. మెల్లగ, ఇంట్ల ఎవరో పండుకున్నట్టు. ఆఖర్ల ఒక మెట్టు పైకి ఎక్కిస్తది. నా చెయ్యి చూడుండ్రి, రోమాలు లేసినయి."

"చెమటకేమో చూసుకోండి" అన్నాడు కోటేశ్వరరావు. నవ్వు పోయింది. "పాపుతో వచ్చిన చిక్కే అదండి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నువ్వు వెళ్ళిపోయావు, నేను ఏడుస్తున్నాను, పైన చంద్రుడున్నాడు. అంతేగా?"

"మీకు వాళ్ళ భాష వస్తదా?"

"మీకొచ్చేంటండీ?"

ఇద్దరికీ రాదు. ఎంజన్న నేర్పిన నాలుగు మాటల్లో మూడు తిండి గురించి, ఒకటి తిట్టు. ఆ నాలుగు మాటల పెట్టుబడితో వీళ్ళు ఇన్నేళ్ళుగా యుద్ధం చేస్తున్నారు.

"నా దుకాన్ల హమాలి పంపన్న ఉన్నడు" అన్నాడు మా తమ్ముడు. "ఆయనకు ఇటలీ ఏ దిక్కుందో ఎర్క లేదు. అయినా బస్తా ఎత్తుకుంట గీ పాటే గుణుగుతడు. ఒక్కసారి ఇంటే నోట్ల ఉండిపోవాలె. గది పాటంటే."

"పకోడీ కూడా నోట్లో ఉండిపోద్దండి. దానికోసం కచేరీ పెట్టుకుంటామా? మా రాకు వినండి ఓసారి. ఒక్కో పాట పావుగంట. ముందు ఆర్గను వస్తుంది, ఆ తర్వాత వేణువు, అప్పుడు డ్రమ్ములు అందుకుంటాయి. తీరుబడిగా రాగం పాడి పల్లవికొచ్చినట్టు వస్తారండి వాళ్ళు. వినేవాడిక్కూడా కాస్త ఓపికుండాలి."

"పల్లవికి ఎప్పుడొస్తరు? మనం అన్నం తిని, పండుకొని లేసినంకనా?"

"తినేసి పడుకునేవాళ్ళ కోసం కాదండి అది."

అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పాట ఆగింది. మా మేడ ఎక్కితే శక్తినగరం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ పుట్టిన కరెంటు మా ఇంటి మీదుగానే ఎక్కడికో వెళ్తుంది కానీ మా ఇంట్లోకి మాత్రం పిలిచినా రాదు. కరెంటుతో పాటు వీళ్ళ నోళ్ళూ ఆగుతాయనుకున్నాను. ఆచార్లకు సైగ చేశాను. ఆయన గొంతు సవరించుకున్నారు. మా తమ్ముడు ఆయన వైపు చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క మాట చెప్పి కూసుంట. వాళ్ళ భాషల ప్రతి మాట ఆఖర్కి అచ్చు ఉంటది, మన తెలుగు లెక్కనే. రాకు అంటే సుత్తె తోని కొట్టినట్టు మాట కొట్టి ఆపాలె. ఆ, ఓ, ఈ అని సాగే మాటలతోని ఏం కొడ్తరు? అందుకే వాళ్ళ రాకు ఇంగ్లీషోళ్ళ ముందల నిలవడదు."

ఒప్పుకోవాలి, ఈ మాటలో పస ఉంది. నట్లు బిగించే చేత్తోనే మా తమ్ముడు వాదనా బిగించాడు. పస ఉన్నందుకే నాకు మరింత ఒళ్ళు మండింది. అంత తెలివి ముహూర్తం విషయంలో ఏమైంది?

కోటేశ్వరరావు తగ్గలేదు. "ఆ సంగతి వాళ్ళకు తెలుసండి. అందుకే మాటలు తగ్గించి వాయిద్యాల చేత చెప్పించారు. లేనిదాన్ని తెచ్చి అతికించుకోలేదు. తెలివంటే అదీ."

"అక్కా" అని లింగప్ప వసారాలోంచి తొంగి చూశాడు. "కల్లూర్ల ఇంగొక లగ్గం ఉంది నాకు. ఊదమంటరా, పొమ్మంటరా?"

"ఆగు లింగప్పా, జరా ఆగు" అని, మా తమ్ముడి చెయ్యి పట్టి చాప వైపు లాగాను. "సాకురా ప్రకాశా, ఇంగ చాలు. పాటలు రేపు గూడ ఉంటయి, ముహూర్తం ఉండదు. కూసో."

వాడు కూర్చోబోయాడు. దేవుడు సాక్షిగా మోకాళ్ళు వంచాడు. కోటేశ్వరరావు కూడా కండువా సర్దుకుని పళ్ళెం దగ్గరకు జరిగాడు. అప్పుడు నవనీత్ నోరు తెరిచాడు.

"నాన్నా, మావయ్యగారూ, మీరిద్దరూ చెప్పేవి ఏనాటివోనండి. ఇప్పుడు అక్కడ పిల్లలు వినేది హిప్‌హాప్."

నేను కళ్ళు మూసుకున్నాను.

అబ్బాయి సెల్‌ఫోను తీసి ఒకటి పెట్టాడు. దరువు ఒకటి వేసి, దాని మీద ఒక కుర్రాడు ఊపిరి తీసుకోకుండా మాటలు గుమ్మరిస్తున్నాడు. "కుక్కలు కొట్లాడినట్టుంది గద" అన్నాడు మా తమ్ముడు. "కూరగాయలమ్మేవాడి అరుపులా ఉంది" అన్నాడు కోటేశ్వరరావు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. నాకు ఆశ పుట్టింది.

కానీ నవనీత్ వదలడు కదా. ఆ తండ్రికి పుట్టిన కొడుకు.

"నేపుల్స్ కుర్రాళ్ళండి వీళ్ళు. పుస్తకాల భాషలో పాడరు, వాళ్ళ వీధిలో మాట్లాడే మాటల్లోనే పాడతారు. పని దొరక్కపోవడం, రేవు, పోలీసులు, అమ్మ తిట్లు, అన్నీ ఉంటాయి. చంద్రుడి మీద ఎవరైనా కడతారు. సొంత గల్లీ మీద కట్టడం కష్టం."

లోపలి గదిలో ఉండాల్సిన పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చేసింది. "ఇంగ అచ్చుల సంగతి, నాయినా. అచ్చులు వాళ్ళకు అడ్డం కానే కాదు. మాట మాటకు ప్రాస అదే పడ్తది."

"అదే చెప్తున్న బిడ్డా, అంత అగ్గువకు దొరికే ప్రాసకు ఇలువేముంది?" అన్నాడు తండ్రి.

"ప్రాస కోసమని కాదండి" అన్నాడు కోటేశ్వరరావు చిరాకుగా. "అసలు యాసలో అరిస్తే అది పాటవుద్దా? సంగీతానికి ఒక శుద్ధి ఉండక్కర్లేదా?"

గదిలో ఏదో మారింది. మా తమ్ముడు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"యాస అంటే ఏంది బావగారూ? ఎవరి యాస గురించి అంటుండ్రు?"

"నేపుల్స్ వాళ్ళ గురించి."

"నేపుల్స్ ఇటు లేదు. మీరు ఇటు చూసి అన్నరు."

"సరే, అన్నాననే అనుకోండి. ఉన్నమాటేగా?" కోటేశ్వరరావూ లేచాడు. "మీ రాయచూరు తెలుగు సగం ఉర్దూ, పావు కన్నడం. మిగతా పావులో తెలుగెక్కడుందో వెతుక్కోవాలి. రేపు నా మనవలు ఏం మాట్లాడతారోనని మా ఆవిడే..."

"నన్ను లాగకండి" అంది రత్నమాణిక్యం గట్టిగా. "నేనెప్పుడూ అనలేదు ఆ మాట."

"కాల్వ నీళ్ళకు వచ్చినోళ్ళు మాకు తెలుగు నేర్పుతరా?" అన్నాడు మా తమ్ముడు. "మా తాత ముత్తాతలు ఈడ దుకాన్లు పెట్టిననాడు మీ క్యాంపుల ముండ్లకంప ఉండె. నవనీత్ చెప్పిందే ఖరా, అదే నిజం. ఎవని మాటల వాడు పాడేదే అసలు పాట. హిప్‌హాపే అసలు పాట!"

కుక్కల కొట్లాట అన్న నోరే అది.

"మీ పాపే నయమండి దానికంటే" అని కోటేశ్వరరావు అంతకంటే గట్టిగా అరిచాడు. "కనీసం ఆవిడ భాష శుద్ధంగా ఉంది!"

చూశారా. పాప్ ఆయన పక్షానికి పోయింది, హిప్‌హాప్ మావాడి పక్షానికి వచ్చింది, రాకు ఎవరికీ పట్టక నడిబజారులో పడింది. వీళ్ళకు కావలసింది పాట కాదు. ఏళ్ళనాటి పుండు ఏదో లోపల సలుపుతోంది, దాని మీద కప్పుకోవడానికి ఇటలీ గుడ్డ దొరికింది. అది నాకు అర్థమవుతూనే ఉంది, అర్థమైనా చేసేదేమీ లేక ఒళ్ళు మండిపోతోంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఎవరూ ఆపని క్యాసెట్టు మళ్ళీ అందుకుంది. ఆ ఇటలీ అమ్మాయి ఎవరి కోసమో ఏడుస్తూ ఉంటే, ఈ ఇద్దరూ ఆమె మీదుగా అరుచుకుంటున్నారు.

నేను స్ఫూర్తి వైపు చూశాను. ఏడవడం లేదు. చేతి గాజును ఒక్కదాన్నే తిప్పుతూ, చిన్నప్పుడు బడి దగ్గర తండ్రి రావడం ఆలస్యమైతే నా కోసం చూసినట్టు చూస్తోంది. ఈ పిల్ల అడిగిందేమిటి? పావుగంట సేపు తండ్రి నోరు మూసుకుని కూర్చోవడం. అంతకంటే ఏమీ అడగలేదు.

లేచి వెళ్ళి రత్నమాణిక్యం ముందు కూర్చున్నాను. "వదినగారూ, మీకు ఇటలీ పాటల మీద ఏమన్న అభిప్రాయం ఉందా?"

"ఆయన గదిలో అవి పెడితే నేను టీవీ సౌండు పెంచుతానండి" అందావిడ.

"అయితే రాండ్రి. పళ్ళెం పట్టుకోండ్రి."

ఆవిడ ఒక్క క్షణం భర్త వైపు చూసింది. ఆయన అప్పుడు భాషా శుద్ధి గురించి అరుస్తున్నాడు. ఆవిడ కొంగు బిగించుకుని వాళ్ళ పళ్ళెం అందుకుంది. నేను మాది అందుకున్నాను.

"ఏమమ్మా ఇది?" ఆచార్లు కంగారుపడ్డారు. "యజమానులు మార్చుకోవాలె గద?"

"యజమానులు ఇటలీకి పోయిండ్రు ఆచార్లూ. వచ్చినంక చెప్తం. మీరు మంత్రం చదువుండ్రి."

ఆచార్లు గోడ గడియారం చూశారు, ఆ ఇద్దర్నీ చూశారు, చివరికి నన్ను చూశారు. "సరే, ఆడవాళ్ళు పళ్ళెం పట్టొచ్చు. గాని ఇచ్చే ఘడియల ఇద్దరు తండ్రుల చేతులు పళ్ళెం మీద పడాలె. అది లేకుంటే నేను ఒప్పుకోను." మంత్రం మొదలుపెట్టారు. నవనీత్, స్ఫూర్తి గబగబా వచ్చి మా వెనక చేరారు. ఇక కావలసింది రెండు చేతులు. అవి రెండూ గాలిలో ఒకదాని మొహం మీద ఒకటి ఊగుతున్నాయి.

ఆ ఇటలీ అమ్మాయి పాట ఎప్పుడయిపోయిందో ఎవరూ గమనించలేదు. టేపురికార్డరు 'టక్'మంది. కాసేపు గరగరమంది. ఆ తర్వాత ఎవరో ఇత్తడి పళ్ళెం మీద దరువు వేయడం మొదలైంది.

మా తమ్ముడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"బండ కదిలె బసవన్నా, బస్తి జూసె బసవన్నా" అని ఒక పడుచు గొంతు. అది వాడిదే. దాని వెంటనే ఇంకో గొంతు అందుకుంది.

"బొగ్గు రైలు వచ్చెనన్నా, బూడిద గాలి ఏందన్నా.
కరెంటంత బెంగ్లూరికి, కందిలి మాకు మిగిలెనన్నా!"

ఆ రెండో గొంతు కోటేశ్వరరావుది. ఎద్దులతో బండలు లాగించే కారుహుణ్ణిమి పండుగకు మావాళ్ళు వేసే కేకల వరస అది. పాడుతున్నది క్యాంపు తెలుగులో కాదు, మా రాయచూరు బజారు తెలుగులో. 'ఏందన్నా' అన్న చోట మావాడికంటే ఆయనే ఎక్కువ సాగదీశాడు. మధ్యలో ఎంజన్న చప్పట్లు, పకపకా నవ్వు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రొట్టె ఇంకొకటి వేయనా అంటే ఎంజన్న మాలాగే తల అటూ ఇటూ ఆడించి ఊఁ అనేవాడు. రెండో వైపు ఏమైనా ఉందా అంటే కూడా ఉందనే ఆడించాడు. దొరలు అలా ఆడిస్తే లేదని అర్థమని మా తమ్ముడు తనకు తానే తేల్చుకున్నాడు. ఏడాది పొడుగునా ఇంట్లో అన్నం పెట్టిన మనిషిని ఆఖరి రోజున దొరను చేశాడు.

"నాన్నా" అన్నాడు నవనీత్ తేరుకుని. "ఇది హిప్‌హాపే కదా? దరువు, ప్రాస, సొంత ఊరు, సొంత మాట. మీరిద్దరూ అప్పుడే పాడేశారు."

కోటేశ్వరరావు టేపురికార్డరు పక్కన చతికిలబడ్డాడు. "పండగ ముందు రోజు కదూ?" అన్నాడు. "మేడ మీద."

"అవ్" అన్నాడు మా తమ్ముడు. "పళ్ళెం కొట్టింది నువ్వే. సొట్ట పడిందని అక్క తిట్టె."

"తిట్టారు. గుర్తుంది." ఆయన నవ్వాడు. అది కాఫీ తాగేటప్పటి నవ్వు కాదు, ఆ పాత మేడ మీది నవ్వు. "నాకు పలకడం రాకపోతే నువ్వే నేర్పావు, ఒక్కో మాటా."

"మస్తు పాడినవ్ కోటేశ్వర్రావ్. నాకంటె మంచిగ పాడినవ్."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు. అయినా తిరిగిన నీళ్ళను తిరగనిచ్చి పని చూసుకున్నాను. "ఇద్దరూ వచ్చి చేతులు పెట్టుండ్రి. ఏడ్చేది తర్వాత ఏడుద్దురు" అన్నాను. బుద్ధిగా వచ్చారు. చాప మీద పక్కపక్కన కూర్చున్నారు. మా తమ్ముడి చెయ్యి పళ్ళెం మీద పడింది. దాని పక్కనే కోటేశ్వరరావు చెయ్యి. వెనక స్ఫూర్తి ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. ఆచార్లు గట్టిమేళానికి వేలు ఎత్తారు. లింగప్ప సన్నాయి నోట పెట్టుకున్నాడు.

టేపులో పాట అయిపోయింది. నవ్వులు సద్దుమణిగాయి. "సోడాలు తెస్తానుండు" అని కోటేశ్వరరావు పాత గొంతు, మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు.

ఆ తర్వాత మా తమ్ముడి గొంతు, తగ్గించి.

"ఎంజన్నా, ఆయన కిందికి పోయిండు. వచ్చేలోపల నీకొక మాట చెప్పాలె. ఆయన లారీల సంగతి నీకు ఎర్క లేదు..."

పళ్ళెం మీదున్న కోటేశ్వరరావు వేళ్ళు పైకి లేచాయి.

మా తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్క ఉదుటున టేపురికార్డరు వైపు దూకాడు. కోటేశ్వరరావు వాడి మణికట్టు పట్టుకున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఉండు ప్రకాశం. ఇన్నేళ్ళూ ఎవరు చెప్పారో తెలీక చచ్చాను. విననీ."

ఆచార్ల వేలు ఎత్తింది ఎత్తినట్టే ఉంది. నా చేతుల్లో పళ్ళెం బరువెక్కిపోయింది. స్ఫూర్తి నా భుజం పట్టుకుంది. టేపులో ఎంజన్న 'ఏంది?' అని అడిగాడు, అచ్చం మాలాగే. మా తమ్ముడి పాత గొంతు దగ్గి, సవరించుకుంది.

నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. పెళ్ళిళ్ళలో పోతావు, పరీక్షల్లో పోతావు, ఇందాక పాట మధ్యలో పోయావు. ఇప్పుడు పో కరెంటు తల్లీ, ఒక్క నిమిషం పో అని మొక్కుకున్నాను. ఫ్యాను హాయిగా తిరుగుతూనే ఉంది. శక్తినగరంలో ఆ ఘడియకు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నట్టున్నారు.